హ్యాంగర్ వైద్యుడు

అమెరికాలో ఏ చిన్న ఊరి ఎయిర్‌పోర్టుకైనా శనివారం పొద్దున్నే వెళ్లండి, ఆయన అక్కడే ఉంటాడు. రేకుల హ్యాంగర్ ముందు మడతకుర్చీ, నెత్తిన నూనె మరకల టోపీ, చేతిలో ఎప్పుడో చల్లారిన కాఫీ. ఆయనకూ ఒక విమానం ఉంది. ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నాడు. రెక్కలు గోడకు ఆనించి ఉంటాయి, ఇంజిన్ దుప్పటి కప్పుకుని ఉంటుంది. సొంత రోగి నోరు మెదపదు కనుక ఆయన వైద్యమంతా పరుల ఇంజిన్ల మీదే.

అక్కడ చేరేవి ఫ్యాక్టరీ విమానాలు కావు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సాయంత్రాలు ఇంటి కార్‌షెడ్డులో రివెట్ మీద రివెట్ కొట్టి కట్టుకున్నవి. సగానికి మించిన పని ఔత్సాహికుల చేతుల్లోనే జరగాలని ప్రభుత్వ నిబంధన. కట్టినవాడికి ఆ ఒక్క విమానాన్ని ఏటా తనిఖీ చేసి సంతకం పెట్టే రిపేర్‌మన్ సర్టిఫికెట్ కూడా దక్కుతుంది. అంటే చట్టప్రకారం వైద్యుడు యజమానే. మన పెద్దాయన దగ్గర ఏ కాగితమూ లేదు. ఆయన దగ్గరున్నది చరిత్ర. రైట్ సోదరుల 1903 నాటి ఇంజిన్‌ను వాళ్ల సైకిల్ షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో తయారుచేసిన వైనం, మిన్నెసోటా పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ కారు ఇంజిన్‌ను విమానానికి బిగించి ఎగరేసిన వైనం ఆయన నోట వింటే, ఆ రెండుసార్లూ పక్కన నిలబడి స్పానర్ అందించింది ఈయనేనేమో అనిపిస్తుంది.

ఇంతలో ఒక కుర్రాడు దిగాలుగా విమానం తోసుకుంటూ వస్తాడు. పెద్దాయన కుర్చీ కిర్రుమంటుంది.

"ఏమంటోంది అబ్బాయ్?"

"నేల మీద బాగానే ఉంటోందండీ. పైకెళ్లిన అరగంటకి..."

"కార్బురేటర్ ఐస్."

"దీనికి కార్బురేటర్ లేదండీ. ఫ్యూయల్ ఇంజెక్షన్."

ఆయన తొణకడు. "అదే వచ్చిన చిక్కు. ఉండి ఉంటే హీట్ లాగి చూసేవాళ్లం. ఏమైనా, గాలి లోపలికి సరిగ్గా పోవడం లేదు. రాసిపెట్టుకో."

ఐస్ మీద ఆయనకింత పట్టుదల ఊరికే రాలేదు. వయసులో ఉండగా ఒక మధ్యాహ్నం ఆయన ఇంజిన్ నడి ఆకాశంలో ఊపిరి వదిలేస్తే మొక్కజొన్న చేలో దిగాడు. కారణం కార్బురేటర్ ఐసే. పెట్రోలు ఆవిరయ్యేచోట, గాలి ఇరుకు గొంతులోంచి దూరేచోట చలి పుడుతుంది. ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. గాలిలో తేమ ఉంటే ఎండాకాలంలోనూ లోపల మంచు కడుతుంది. బయట చొక్కా తడిసేంత ఉక్క, లోపల ఇంజిన్ గొంతులో గడ్డ. ఈ వింతను స్వయంగా అనుభవించినవాడు ఇక మరో జబ్బును నమ్మడు. ఆయనకొచ్చిందే లోకానికంతా వస్తుంది.

పక్క హ్యాంగర్‌లో ఇంకొకాయన ఉన్నాడు. ఆయన్ని ఒకప్పుడు మోసం చేసింది ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో. ఆయన లెక్కలో ఐస్ అనేది పైలట్లు తమ తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెప్పే కథ. ఇంజిన్‌కు రెండు మాగ్నెటోలు, సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు. ఎగరేముందు ఒక్కొక్క మాగ్నెటోనే ఉంచి చూస్తే వేగం 175 ఆర్‌పీఎం మించి పడకూడదు, రెంటికీ తేడా 50 దాటకూడదు. "ఎంత పడింది?" అని ఆయన, "అది తర్వాత, తేమ ఎంత?" అని ఈయన. రోగి సంగతి ఇద్దరూ మరిచిపోతారు. జులై చివర ఇద్దరూ ఒకే కారులో ఆష్‌కాష్ విమానాల పండుగకు వెళ్లొస్తారు. ఆగస్టంతా ఊళ్లోని ప్రతి ఇంజిన్‌కూ అక్కడ విన్న కొత్త జబ్బే.

అంతమాత్రాన ఆయన్ని ఉత్త కబుర్లరాయుడు అనుకోకండి. ఒక్క మాగ్నెటో మీదే ఇంజిన్ గుడగుడలాడితే, దాని మీదే కాసేపు నడిపించి ఆపేస్తాడు. నాలుగు ఎగ్జాస్ట్ గొట్టాల మీదా నీళ్లు చిలకరిస్తాడు. మూడు చుర్రుమంటాయి, ఒకటి ఊరుకుంటుంది. ఆ సిలిండర్ ప్లగ్గు విప్పితే సీసం గింజ ఒకటి ఇరుక్కుని కనిపిస్తుంది. విమానాల పెట్రోల్లో ఇప్పటికీ సీసం కలుస్తోంది మరి. కంప్రెషన్ పరీక్ష అయితే ఆయనకు కచేరీయే. ప్రొపెల్లర్ కదలకుండా ఒకరు గట్టిగా పట్టుకోవాలి. సిలిండర్లోకి 80 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, కళ్లు మూసుకుని బుస ఎక్కణ్నుంచి వస్తోందో వింటాడు. ఎగ్జాస్ట్ గొట్టంలో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లోపలికి వచ్చే దారిలో వినబడితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినబడితే పిస్టన్ రింగులు. ఈ విద్యలో ఆయన చెవికి తిరుగులేదు. చిక్కంతా నోటితోనే. చెవి వినేలోపే అది తీర్పు చెప్పేస్తుంది.

తీర్పు వెంటనే చికిత్స. ఆ కుర్రాడి చేత ప్లగ్గులు మార్పించాడు, గొట్టాలు బిగింపించాడు, మాగ్నెటో టైమింగ్ సరిచేయించాడు, ఫిల్టర్ కడిగించాడు. అన్నీ ఒక్క రోజే. ఇలా చేశాక ఇంజిన్ బాగుపడితే ఏ మందు పనిచేసిందో తెలీదు, మొండికేస్తే ఏ మందు వికటించిందో తెలీదు. ఇది మొండికేసింది.

చివరికి కుర్రాడు గంటకింతని తీసుకునే మెకానిక్‌ను పిలిచాడు. గంట లెక్క కనుక ఆయన మాటలు తక్కువ. "ఎగిరిన ఎంతసేపటికి? అప్పుడు ఏ ట్యాంకు మీద ఉన్నావు? రెండో ట్యాంకుకు మారిస్తే ఏమైంది?" కుర్రాడు నోటు పుస్తకం తిరగేశాడు. ప్రతిసారీ ఎడమ ట్యాంకే. కుడికి మార్చగానే ఇంజిన్ బుద్ధిగా నడిచింది. మెకానిక్ ఎడమ రెక్క కింద పడుకుని ట్యాంకు వెంట్ గొట్టంలోకి సన్నటి తీగ దూర్చాడు. పొడిమట్టి జలజలా రాలింది. కందిరీగ ఒకటి అందులో గూడు కట్టుకుంది. పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ ఆ గొట్టం గుండా ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే లోపల వెలితి పెరిగిపెరిగి, పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. నేల మీద పది నిమిషాలు తిప్పి చూస్తే ఈ గుట్టు బయటపడదు.

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన కాఫీ ఒక గుక్క తాగి, "గాలి లోపలికి పోవడం లేదని మొదటి రోజే చెప్పానా లేదా?" అన్నాడు.

ఇంత జరిగినా ఆయన కుర్చీని అక్కణ్నుంచి తీయించాలని ఎవరూ అనుకోరు. 2012లో అమెరికా రవాణా భద్రతా బోర్డు ఈ సొంత విమానాల ప్రమాదాలను పరిశీలిస్తే ముందు వరసలో నిలిచినవి రెండు: ఇంజిన్ శక్తి పోవడం, విమానం అదుపు తప్పడం. మూడువేల అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగిపోతే నేల చేరడానికి ఉండేది మూడు నాలుగు నిమిషాలు. అక్కడ రెండో అభిప్రాయం దొరకదు. కింద అలా కాదు. అనుమానం ఉన్న ఇంజిన్‌తో "చూద్దాంలే, ఒక చుట్టు కొట్టొస్తా" అని బయల్దేరిన కుర్రాణ్ని పెద్దాయన భుజం పట్టుకుని ఆపి, కౌలింగ్ విప్పించి, తప్పుడు జబ్బు పేరు చెప్పి, పక్క హ్యాంగర్ ఆయనతో గొడవకు దిగి, మధ్యాహ్నం దాకా విమానాన్ని నేల మీదే ఉంచుతాడు. రోగం కుదర్చలేకపోయినా రోగిని ప్రయాణం మాన్పించగల వైద్యుడు. ఫీజు అడగడు. కాఫీ ఖర్చు మాత్రం రోగి తాలూకు వాళ్లదే.