వంతెన కూలి

కొలంబో నుంచి హట్టన్ వైపు కొండలెక్కే రోడ్డు కితుల్‌గల దగ్గర కాసేపు కెలని నది పక్కనే నడుస్తుంది. ఇక్కడ బస్సు దిగేవాళ్లలో ఎక్కువమంది రాఫ్టింగ్ కోసం వచ్చినవాళ్లే. హెల్మెట్లు పెట్టుకుని, రబ్బరు పడవల్లో కూర్చుని, రాళ్ల మధ్య నురగలు కక్కే నీళ్లలో కేకలు పెడుతూ పోతుంటారు. నేను దిగింది వేరే పనికి. 1957లో వచ్చిన 'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' సినిమా కోసం వంతెన కట్టిందీ, కట్టాక పేల్చిందీ ఇక్కడే.

ఏ దేశం వెళ్లినా అక్కడ ఏ సినిమా ఎక్కడ తీశారో ముందే రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. తెర మీద చూసిన కొండ, అదే కొండ, నా ఎదుట నిలబడితే నాకు గుళ్లో నిలబడ్డట్టే ఉంటుంది. అందులోనూ డేవిడ్ లీన్ సినిమా. యుద్ధఖైదీగా చిక్కిన ఒక బ్రిటిష్ కర్నల్, శత్రువు కోసం కడుతున్న వంతెన మీదే మమకారం పెంచుకోవడం, దాన్ని పేల్చడానికి వచ్చిన తనవాళ్లకే అడ్డుపడటం! అలెక్ గిన్నెస్ చివర్లో వేసే ఆ తడబడే అడుగులు ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఏడు ఆస్కార్లు ఊరికే రాలేదు.

కథ జరిగేది సయాం అడవుల్లో. తీసింది సిలోన్‌లో. సినిమా ఎంత ఆడిందంటే, అసలు వంతెన ఎక్కడుందని జనం థాయ్‌లాండ్‌లోని కాంచనబురికి వరస కట్టారు. అక్కడ రైలు వంతెన ఉన్న మాట నిజమే. అప్పట్లో అది క్వాయ్ మీద లేదు, మే క్లాంగ్ అనే నది మీద ఉండేది. వచ్చినవాళ్లకి చెప్పలేక 1960లో నది పైభాగానికి ఖ్వే యాయ్ అని పేరు మార్చేశారు. ఒక సినిమా ఒక నది పేరు మార్చింది. సినిమాని ప్రేమించేవాడికి ఇంతకంటే గర్వమేముంటుంది?

నాకు దారి చూపించడానికి ఒప్పుకున్న కుర్రాడికి పాతికేళ్లుంటాయి. అతని ఇంగ్లిష్ చక్కగా ఉంది. రోడ్డు మీద బోర్డు దగ్గర నుంచుని ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే, పక్కనే రాతిగట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చారు. ఎనభై దాటినట్టున్నారు. తెల్లచొక్కా, మడతలు నలగని ప్యాంటు, చేతిలో గొడుగు.

"తెలుగా బాబూ?"

విశాఖ, శ్రీకాకుళం వైపు పాతకాలం వాళ్ల యాస. మనవరాలు పడవెక్కిందట. ఆ పిల్ల వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచక కూర్చున్నారట. వంతెన చూడ్డానికి వెళ్తున్నామంటే తానూ వస్తానన్నారు.

"మీదే ఊరండీ?" అనడిగాను.

"ఊరేముంది బాబూ, ఎస్టేటు. లైనిళ్లలో పుట్టాను, లైనిళ్లలో పెరిగాను."

పైన కొండలన్నీ ఎస్టేట్లే. శ్రీలంకలో పాములాడించుకు బతికే అహికుంటికలు ఇంట్లో తెలుగే మాట్లాడతారని విన్నాను. తోటల్లో పనికి వచ్చినవాళ్లలో అరవవాళ్లతోపాటు మనవాళ్లూ కొందరు ఉండే ఉంటారనుకున్నాను.

ఇళ్ల వెనకనుంచి కాలిబాట నదికి దిగుతుంది. అటూ ఇటూ జీలుగుచెట్లు, మధ్యలో కాస్త రబ్బరుతోట. పెద్దాయన ఒక రబ్బరుచెట్టు దగ్గర ఆగారు. బెరడు మీద ఏటవాలుగా గీసిన గాటు, దాని కొసన కట్టిన కొబ్బరిచిప్ప, అందులో అడుగున గడ్డకట్టిన తెల్లటి పాలు. ఆయన చూపుడువేలు ఆ గాటు మీద పెట్టి, ఎగువ నుంచి దిగువకి ఒక్క ఊపున లాగారు. కత్తి పట్టిన చెయ్యి అని చూడగానే తెలిసిపోతుంది.

"పొద్దు పొడవకముందే గియ్యాలి. ఎండెక్కితే పాలు రావు," అన్నారు.

నది ఒడ్డుకి చేరాం. చూడ్డానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. రాళ్ల మధ్య పాచిపట్టిన కాంక్రీటు దిమ్మలు. వాటి మీదే ఒకప్పుడు చెట్టంత దూలాలు నిలబడ్డాయి. నాకు మాత్రం అంతా కనిపించింది. కుర్రాడు ఎదుటి గట్టు చూపిస్తూ రైలు ఎటునుంచి వచ్చిందో, కెమెరాలు ఎక్కడెక్కడ పెట్టారో చెప్పుకొచ్చాడు. పేల్చడం 1957 మార్చిలో. ప్రధాని బండారనాయకే కూడా వచ్చి చూశారట. మొదటిసారి ఒక కెమెరామన్ దగ్గర్నుంచి సిద్ధమన్న సంకేతం రాలేదు. లీన్ పేల్చొద్దన్నాడు. నడిపేవాళ్లెవరూ లేని రైలు వంతెన దాటి, అవతల ఉన్న జనరేటర్‌ని గుద్దుకుని ఆగింది. దాన్ని మళ్లీ వెనక్కి లాక్కొచ్చి, పట్టాల మీద నిలబెట్టి, అప్పుడు పేల్చారట. ఎన్నిచోట్ల చదివినా, ఆ నీళ్ల పక్కన నిలబడి వింటే వేరే సంగతి.

"మా తాత ఈ వంతెన కట్టాడు సార్," అన్నాడు కుర్రాడు. ఆ మాట కోసమే ఇంతసేపూ ఆగినట్టున్నాడు. "ఊళ్లో మగాళ్లంతా పనిలోకి పోయారు. ఏనుగులు దూలాలు లాక్కొస్తే వీళ్లు నిలబెట్టేవాళ్లు. తర్వాత షూటింగ్‌లో కూడా ఉన్నాడు. దూరంగా కనిపించే తెల్ల ఖైదీల్లో చాలామంది మావాళ్లేనట. ఒంటికి రంగు పూసి వరసలో నిలబెట్టారని నవ్వుతూ చెప్పేవాడు."

పెద్దాయన మొదటిసారి అతనివైపు తిరిగి, ఇంగ్లిష్‌లోనే అడిగారు.

"కూలి సరిగా ఇచ్చారా?"

"బ్రహ్మాండంగా సార్! వారం వారం లెక్కపెట్టి చేతిలో పెట్టేవాళ్లట. ఆ డబ్బుతోనే మా ఇంటికి పెంకు వేశాడు. ఇప్పటికీ అదే పెంకు."

"చేతిలోనే పెట్టారా?"

"చేతిలోనే సార్."

ఆయన తల ఊపారు. ఇంత సినిమా గురించి ఇదొక్కటే అడిగారేమిటా అనిపించింది. నాకు తెలిసిన సంగతి నేనూ చెప్పాను. కూలి మాట వచ్చింది కాబట్టి గుర్తొచ్చింది. ఈ సినిమాకి స్క్రీన్‌ప్లే రాసింది మైకేల్ విల్సన్, కార్ల్ ఫోర్‌మన్. కమ్యూనిస్టులన్న అనుమానంతో హాలీవుడ్ వాళ్లిద్దర్నీ అప్పట్లో వెలివేసింది. అందుకని తెర మీద వాళ్ల పేర్లు వెయ్యలేదు. నవల రాసిన ఫ్రెంచి రచయిత పియేర్ బూల్ పేరు వేశారు. ఆస్కార్ కూడా ఆయనకే వెళ్లింది. తాను రాయని స్క్రీన్‌ప్లేకి! చివరికి, ఆ ఇద్దరూ పోయాక, అకాడమీ తప్పు దిద్దుకుని వాళ్లిద్దరికీ ఆ బహుమతి ప్రకటించింది. పని చేసినవాడి పేరు చెరిపెయ్యడం కంటే పాపం ఉండదని నాకు గట్టి నమ్మకం. అదే ఆయనతో అన్నాను.

"దిద్దారా? మంచిమాట," అన్నారాయన. కాసేపు నీళ్లకేసి చూసి, "మా నాన కూడా క్వాయ్ వంతెన పనికే పోయాడు," అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను. కుర్రాడికి ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పగానే వాడి మొహం వెలిగిపోయింది. దిమ్మ మీంచి గెంతి ఆయన పక్కకొచ్చాడు. "నిజమా సార్! అయితే మా తాతతో కలిసే చేసుంటారు. ఏ సీన్లో ఉన్నారు సార్?"

సినిమా నా ఫోన్లోనే ఉంది. తీశాను. ముగ్గురం దిమ్మ మీద కూర్చున్నాం. తెర మీద ఎండ పడకుండా ఆయన గొడుగు విప్పారు. ఖైదీలు వరసలుగా నడిచే చోట, దూలాలెత్తే చోట బొమ్మ ఆపుతూ వచ్చాను. ఒక చోట కుర్రాడు వేలు పెట్టాడు. "ఇదిగో మా తాత." వీపు మాత్రమే కనిపిస్తోంది, భుజం మీద దుంగ. "ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు సార్, ఆఖరుదాకా అంతే."

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఒక్కొక్క మొహం దగ్గరా ఆగి ఆగి చూశారు. నేను ఆపిన చోటల్లా చూశారు.

"లేడు," అన్నారు.

"కట్ చేసి ఉంటారు సార్," అని ఓదార్చాడు కుర్రాడు. "చాలామందిని కట్ చేశారట."

"అవును. కట్ చేశారు."

"ఏ నెలలో వచ్చారో తెలుసా సార్? వర్షాకాలంలోనా? మా నానమ్మకి అప్పటివన్నీ గుర్తే, అడుగుతాను."

"నలభై మూడు."

"వయసా సార్?"

"కాదు నాయనా. 1943."

ఎస్టేటంటే హట్టన్ టీ ఎస్టేటు కాదు. మలయాలో, పేరాక్‌లోని రబ్బరు ఎస్టేటు. శ్రీకాకుళం జిల్లా నుంచి వాళ్ల తాత అక్కడికి కూలికెళ్లాడు. జపాన్ సైన్యం మలయాని పట్టుకున్నాక రబ్బరు కొనే నాథుడు లేక ఎస్టేట్లు పస్తులున్నాయి. అప్పుడు మనుషులొచ్చి, సయాంలో రైలు పనుంది, రోజుకి డాలరు కూలి, బియ్యం, బట్టలు, మూడు నెలల్లో ఇంటికి పంపేస్తాం అన్నారు. రానన్నవాళ్లని లారీలెక్కించారు. వాళ్ల నాన్న రమ్మంటే వెళ్లినవాడే. అప్పటికి ఈయన తల్లి కడుపులో ఉన్నారు.

ఆ రైలుదారి సయాం నుంచి బర్మాదాకా 415 కిలోమీటర్లు. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా పట్టాలు కలిపేశారు. ఆ తొందర ఎంతమందిని మింగిందో నాకు అంకెల్లో తెలుసు. మిత్రదేశాల ఖైదీలు 12 వేలమందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీలు, తమిళులు, మలయులు, బర్మావాళ్లు, జావావాళ్లు, వాళ్లలో కలిసిపోయిన మన తెలుగువాళ్లు, 90 వేలమంది దాకా చనిపోయారని అంచనా. ఖైదీల పక్కన కనీసం వాళ్ల సైనిక డాక్టర్లుండేవారు, చనిపోయినవాళ్ల జాబితాలు రాసేవారు. కలరా వచ్చినప్పుడు కూలీల గుడిసెల్లో ఆ దిక్కు కూడా లేదు. 1990లో కాంచనబురి దగ్గర ఒక పొలం తవ్వితే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాళ్లెవరో ఎవరు చెప్పగలరు?

సినిమాలో వంతెన కట్టేవాళ్లంతా ఖైదీలే. ఇన్నేళ్లుగా, ఇన్నిసార్లు చూశాను ఆ సినిమా. ఆ వరసల్లో మలయా ఎస్టేటు కూలీ కోసం చోటు లేదు. ఖైదీల వేషం కట్టడానికి మాత్రం కితుల్‌గల కూలీలకి తెల్లరంగు పూశారు.

"కాంచనబురి వెళ్లొచ్చాను బాబూ," అన్నారాయన. "అక్కడ సైనికుల సమాధులున్నాయి. ఏడు వేల దాకా. గడ్డి ఎంత బాగా కత్తిరించారో! ఒక్కోదాని మీద పేరు, వయసు, ఇంటివాళ్లు రాయించిన మాట. పొద్దున్నించి ఒక్కొక్కటీ చదువుకుంటూ తిరిగాను. వాళ్లూ పిల్లలే, ఇరవై, ఇరవై రెండు. ఏడుపొచ్చింది. మావాళ్ల పేర్లు ఎక్కడ రాశారయ్యా అంటే మాత్రం, చూపించేవాడు లేడు. సరే, సినిమాలోనైనా అలాంటోళ్లు ఉండకపోతారా అని ఇక్కడికొచ్చాను. నేను ఆ సినిమా చూళ్లేదు. మాయమ్మ చూడనివ్వలేదు."

ఎగువ నుంచి పడవలొచ్చాయి. పసుపు హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి తెడ్డు పైకెత్తి "తాతా!" అని అరిచింది. ఆయన నవ్వుతూ గొడుగు ఊపారు. అందరం పైకెక్కాం. రోడ్డు మీదికొచ్చాక నేను కుర్రాడికి డబ్బులిచ్చాను. పెద్దాయన కూడా పర్సు తీసి, వద్దంటున్నా వినకుండా వాడి జేబులో రూపాయలు కుక్కారు. తర్వాత అదే పర్సు లోపలి అరలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఇంకో నోటు తీసి వాడి అరచేతిలో పెట్టారు.

పది డాలర్ల నోటు. మడతల దగ్గర దారాలు తేలింది. మీద అరటిగెల బొమ్మ, జపాన్ ప్రభుత్వమని ఇంగ్లిష్ అక్షరాలు.

కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇది ఏ దేశం డబ్బు సార్? కొలంబోలో మారుస్తారా?"

"ఎక్కడా మార్చరు నాయనా. నాన వచ్చాక ఖర్చుపెడదామని మాయమ్మ దాచింది. ఆయనకి ముట్టిన కూలి అదే."