నెల రోజుల దయ

ఏలినవారూ, పెరటాసి నెలలో మా నగరి రోడ్డు మీద మీరు చేయించే పనిని మెచ్చుకోకపోతే కళ్ళు పోతాయి. తిరుత్తణి వైపు నుంచి పసుపు గుడ్డలు కట్టుకున్న జనం గోవింద నామం చెప్పుకుంటూ తిరుపతికి నడిచి వస్తారు. వాళ్ళ కోసం మీరు ఇనుప బారికేడ్లు దింపించి, ఈ పక్కొకటి ఆ పక్కొకటి నిలబెట్టిస్తారు. ఎంతటి లారీ అయినా వాటి మధ్య మెలికలు తిరుగుతూ మనిషి నడకతో సమానంగా పోవలసిందే. మొన్నటి పెరటాసిలో ఒక ముసలాయన చెప్పు నడిరోడ్డులో తెగింది. ఆయన అక్కడే వంగి, కండువా అంచు చించి, తెగిన చెప్పును కట్టుకున్నాడు. వెనక లోడు లారీ ఆగింది. డ్రైవరు హారన్ కూడా కొట్టలేదు. ముసలాయన ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని నడిచాడు. ఒక మనిషి చెప్పు కోసం జాతీయ రహదారిని ఆపగలిగిన మీరు సామాన్యులు కారు.

మీకు అండగా ఉన్న చట్టమూ గొప్పది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 112వ సెక్షను, జనం భద్రత కోసమో రోడ్డు తీరును బట్టో వేగం తగ్గించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికీ, అది నియమించిన అధికారులకూ ఇచ్చింది. గెజిట్లో వేయాలి, బోర్డు పాతాలి, అంతే. నెలకు మించని కట్టడికైతే ఆ గెజిట్ కూడా అక్కర్లేదంది. 2018లో కేంద్రం మున్సిపల్ హద్దుల్లోని రోడ్ల మీద కారుకు గంటకు 70 కిలోమీటర్లు, మోటారు సైకిలుకు 60 అని ప్రకటించినప్పుడు కూడా అది పై హద్దు మాత్రమే. దాని కింద ఎక్కడ గీత గీయాలో వీధి ఎరిగినవాళ్ళకే వదిలేశారు. అంత నమ్మకం ఉంచారు మీ మీద.

మా వీధి మీకు తెలుసు. మరమగ్గాల వీధి. పొద్దున్నుంచి రాత్రి దాకా ప్రతి ఇంట్లోనూ మగ్గం టకటకమంటుంది. లోపలి నుంచి గడప దాటి వచ్చినవాడి చెవుల్లో ఇంకా ఆ మోతే ఉంటుంది, హారన్ వినపడదు. పడుగు చుట్టిన బీమును ఇద్దరు మోసుకుంటూ వీధి దాటుతారు. భుజం మీద అంత బరువుతో పక్కకు దూకలేరు. బండి వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక అది జారే దూరం నాలుగింతలవుతుంది. ఆ నాలుగింతల చోటు మా వీధిలో ఏ రెండు గడపల మధ్యా లేదు. మలుపు దగ్గరే బడి.

ఆ మలుపులో ఒక అవ్వ విరిగిన రుబ్బురోలు దొర్లించి పెట్టింది. బళ్ళు నెమ్మదించాయి. మూడోనాటికే మీ మనుషులు వచ్చి ట్రాక్టరులో ఎత్తుకుపోయారు. ఆ చురుకుదనాన్ని మనసారా మెచ్చుకుంటాను. చేసింది మంచి పని కూడా, చీకట్లో మోటారు సైకిలు వచ్చి రోలును కొట్టుకుంటే ప్రాణమే పోయేది. అవ్వ అడ్డం చెప్పలేదు. ‘రాయి దీసినారు సరే నాయినా, రాయి జేసే పని ఎవురు జేస్తారు?’ అని మాత్రం అడిగింది.

ఆ మాట పట్టుకునే మేము అర్జీ తెచ్చాం. కుర్చీ వేయించారు, మంచినీళ్ళిప్పించారు, ఓపికగా విన్నారు. తర్వాత ‘అక్కడ ఎంతమంది పోయినారు?’ అన్నారు. బ్లాక్ స్పాట్ అనడానికి కేంద్ర రహదారుల శాఖకు ఒక కొలత ఉంది. సుమారు 500 మీటర్ల రోడ్డులో మూడేళ్ళలో ప్రాణం తీసినవో, తీవ్రంగా గాయపరిచినవో అయిదు ప్రమాదాలు జరగాలి, లేదా పది ప్రాణాలు పోవాలి. తేడా రాని లెక్క. మా వీధి ఇంకా అక్కడిదాకా రాలేదు. వచ్చేదాకా ఆగగల నిబ్బరం మీకుంది. మాకు లేదు, బడికి పోయే పిల్లలున్నారు.

కాలో చెయ్యో విరిగితే భయం లేదు, పక్కనే పుత్తూరు. తరతరాలుగా కట్టు కట్టే ఆ చేతులకు మొక్కుతాను. తల పగిలితే కట్టే కట్టు పుత్తూరులో కూడా లేదు.

పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అందుకునే చెన్నైలో 2023 నవంబరులో పోలీసులు వేగాల హద్దులన్నీ తిరగరాశారు. కార్లకు 60, భారీ వాహనాలకు 50, ఆటోలకు 40 అన్నారు. ఇళ్ళున్న వీధుల్లో మాత్రం ఏ బండికైనా 30. పెద్ద రోడ్డునూ ఇంటి వీధినీ ఒకే తక్కెడలో వేయలేదు. ఐరోపాలో గ్రాజ్ అనే ఊరు ఈ పని 1992లోనే చేసింది. మీరు వాళ్ళకేం తక్కువ కాదు. ముసలాయన చెప్పు కట్టుకున్న రోజు నేను కళ్ళారా చూశాను.

పెరటాసి ఆఖరి శనివారం దాటగానే బారికేడ్లు తీసి గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చారు. నిరుడు వేసిన ‘మెల్లగా వెళ్ళండి’ అన్న అక్షరాలు ఇంకా చెరగలేదు, కాళ్ళ దగ్గర గడ్డి మొలిచింది. మా మలుపుకు అవి నూరడుగుల దూరం. బోర్డూ గెజిటూ వచ్చేదాకా వాటిలో రెండు మాకిప్పించండి. బడి విడిచే వేళకు అవ్వా నేనూ నిలబెట్టి, పిల్లలు దాటాక మళ్ళీ తెచ్చి గోడవారనే పెడతాం.