ఆపద్బాంధవ బూటు

అత్యవసర సన్నద్ధత కోసమని అమ్మే బూటు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు ఉంటుంది. లేసుకు ఎనిమిది జతల కన్నాలు, వేళ్ల మీద స్టీలు డొప్ప, అడుగున లోతైన గాట్లున్న సోలు, ఇవన్నీ ఎందుకున్నాయో వివరించే పది నిమిషాల వీడియో దీని ముఖ్య భాగాలు. ఆన్‌లైన్ దుకాణాల్లో ఇది టాక్టికల్, కాంబాట్, సర్వైవల్ అనే మూడు పేర్లతో దొరుకుతుంది. మూడూ ఇంచుమించు ఒకటే బూటు. ఫొటోలో దాని వెనుక మంచుకొండ ఉంటుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే వరంగల్‌కు దాన్ని నాలుగు రోజుల్లో తెచ్చి ఇస్తారు.

బూటుతో పాటు ఒక సిద్ధాంతం కూడా ఇంటికి వస్తుంది. విపత్తు అంటే నడక, నడక అంటే కాళ్లు, కాళ్లు అంటే బూట్లు, కాబట్టి బూట్లు కొన్నవాడు సగం గట్టెక్కినట్టే. ఈ సిద్ధాంతంలో చెరువు లేదు, నాలా లేదు, మునిసిపాలిటీ లేదు, వాతావరణ శాఖ హెచ్చరిక లేదు. అన్నిటినీ కలిపి చీలమండ కిందికి సర్దేశారు. బూటు సౌకర్యంగా ఉన్నా లేకపోయినా సిద్ధాంతం మాత్రం చాలా సౌకర్యంగా ఉంటుంది.

వరంగల్‌కు ఆపద ఎక్కువగా నీళ్ల రూపంలో వస్తుంది. 2020 ఆగస్టు వానలకు హనుమకొండ, వరంగల్ లోతట్టు కాలనీలు మునిగాయి. నాలాల మీది ఆక్రమణలు తొలగిస్తామన్న ప్రకటన అప్పుడే వెలువడింది. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వేకువన భూపాలపల్లి దగ్గర మోరంచవాగు ఊరి మీద పడితే మోరంచపల్లి జనం డాబాలెక్కారు, వాళ్ల కోసం సైన్యం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. రెండు రోజులకు వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ తర్వాత నయీంనగర్ నాలా మీది పాత వంతెనను పడగొట్టి కొత్తది కట్టారు. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వానకు నగరం మళ్లీ మునిగింది, కాలనీల్లోకి మళ్లీ పడవలు దిగాయి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని మత్తడి నీళ్లు ఇంకోదానికి చేరే దారుల్లో ప్లాట్లు వెలిశాయి కాబట్టి, ఆ నీళ్లు ఇప్పుడు హాల్లోంచి, వంటింట్లోంచి వెళ్తున్నాయి. ఇంత చరిత్రకూ సిద్ధాంతం ఇచ్చే జవాబు ఒక్కటే: తొమ్మిదో నంబరు, నలుపు రంగు.

బూటు ఎంపికలో మొట్టమొదట చూడమనేది వాటర్‌ప్రూఫ్ గుణం. అది నిజంగానే ఉంటుంది, బూటు అంచు వరకు. ఎనిమిదంగుళాల బూటుకు ఎనిమిదంగుళాల లోతు నీళ్లంటే లెక్కే లేదు. నాలా పొంగిన కాలనీలో నీళ్లు నడుము దాకా వస్తాయన్న సంగతి మంచుకొండ దగ్గర ఫొటో తీసినవాళ్లకు తెలియదు. పైనుంచి లోపలికి దిగిన నీళ్లను వాటర్‌ప్రూఫ్ పొర ఎంతో బాధ్యతగా బయటికి పోనివ్వదు. మోకాళ్ల దాకా వచ్చే గంబూట్ల సంగతి ఇంకా ముదురు. లీటరు నీళ్లు కిలో బరువు, ఒక్కో బూటులో లీటరున్నర నిండినా రెండు కాళ్లకూ కలిపి మూడు కిలోలు. ఉద్ధృతంగా పారే నీళ్లు జానెడు లోతు కూడా లేకుండానే ఎదిగిన మనిషిని పడేయగలవు. అలాంటి చోట ఈ మూడు కిలోలు ఎవరి పక్షాన ఉంటాయో చెప్పనక్కర లేదు. మూత లేచిపోయిన మ్యాన్‌హోల్ మీద కాలు వేసినవాడికి సోలు పట్టు ఎంత గొప్పదైనా ఒకటే, పట్టుకోవడానికి కింద నేల ఉండదు. అక్కడ పనికొచ్చేది ముందు లోతు చూసుకునే కర్ర. కర్రకు సైజులుండవు, అందువల్ల దాని మీద వీడియోలూ లేవు.

రెండో గుణం స్టీలు డొప్ప. ఐఎస్ 15298 ప్రమాణంలోని రెండో భాగం ప్రకారం చేసిన సేఫ్టీ బూటు 200 జౌళ్ల దెబ్బను, అంటే ఇరవై కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి వేళ్ల మీద పడినంత దెబ్బను తట్టుకోవాలి. కాజీపేట లోకోషెడ్లలో, భూపాలపల్లి బొగ్గు గనుల్లో, గ్రానైటు క్వారీల్లో పనిచేసేవాళ్ల వేళ్లను కాపాడేది ఈ డొప్పే, దానికి దండం పెట్టవచ్చు. వరద వచ్చిన ఇంట్లో మాత్రం దానికి పని దొరకదు. ఫ్రిజ్ కాలి మీద పడడానికి బదులు తేలుతుంది.

మూడోది మన్నిక. కొనేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది దీన్నే, అన్నిటికన్నా ముందు మోసపోయేదీ ఇక్కడే. ఆపద కోసం కొన్నారు కాబట్టి ఆపద వచ్చేదాకా బూట్లను వాడరు. డబ్బాలో పెట్టి అటక ఎక్కిస్తారు. ఇలాంటి బూట్లలో చాలావాటికి సోలు, లేదా సోలుకూ పైభాగానికీ మధ్య ఉండే మెత్తటి పొర, పాలీయురేథేన్‌తో చేసింది. గాలిలోని తేమకు ఆ పదార్థం లోలోపలే విడిపోతూ ఉంటుంది. రసాయన శాస్త్రంలో దీన్ని జలవిశ్లేషణ అంటారు. వేడి, ఉక్కపోత ఎక్కువైన కొద్దీ ఇది తొందరగా జరుగుతుంది, వరంగల్ అటక మీద రెంటికీ కొదవ లేదు. వాడే బూటు కన్నా వాడకుండా దాచిన బూటుకే ఈ గతి ముందు పడుతుంది. కొన్నేళ్లకు డబ్బా తెరిస్తే పైన తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది, సిలికా జెల్ పొట్లం పెట్టినచోటే ఉంటుంది. తొడుక్కుని మెట్లు దిగుతుంటే వెనకాల ప్రతి మెట్టు మీదా నల్లటి రొట్టెపొడి రాలుతుంది. వీధి మలుపు తిరిగేలోపు మడమ దగ్గర సోలు నోరు తెరుస్తుంది. జన్మంతా ఒక్క రోజు కోసం ఎదురుచూసిన బూటు ఆ రోజుకు రెండు ముక్కలుగా హాజరవుతుంది. రబ్బరు సోలుకు ఈ జబ్బు లేదు. సేఫ్టీ బూట్ల మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది, డిస్కౌంటు ఎంతో చూసినవాళ్లు దాన్ని కూడా చూడవచ్చు.

కాలి కొలతకు సంబంధించిన సలహాలు మాత్రం చాలావరకు సరైనవి. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి బూట్లు సాయంత్రం పూటే, వేసుకోబోయే మందపాటి సాక్సులతోనే చూసుకోవాలి. పొడవాటి వేలికీ బూటు ముందు అంచుకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నడుస్తుంటే మడమ లేవకూడదు. ఈ పరీక్షలన్నీ చౌరస్తాలోని చెప్పుల దుకాణంలో చేసుకోవచ్చు, ఫోన్లో చేసుకోలేరు. చిన్నప్పటి నుంచీ చెప్పులతోనో ఉత్తికాళ్లతోనో నడిచిన పాదం ముందు భాగంలో వెడల్పుగా ఉంటుంది, సన్నని విదేశీ అచ్చులో పోసిన బూటు దాన్ని రెండు వైపులా నొక్కుతుంది. కొత్త బూట్లను రోజూ కాసేపు తొడిగి మెత్తపరచాలన్నది కూడా సరైన మాటే. ఆ పని ఎక్కడ చేయాలన్నదే చిక్కు. ఆఫీసులో నవ్వుతారు. భద్రకాళి గుడికి వెళ్తే బయట విప్పాలి, పెళ్లికి వెళ్తే మండపం మెట్ల దగ్గర విప్పాలి, చుట్టాలింటికి వెళ్తే గుమ్మంలో విప్పాలి. ఒక్కో బూటుకు పదహారు కన్నాల్లోంచి లేసు వదులు చేసి, లాగి, పక్కన పెట్టి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి, బయటికొచ్చి మళ్లీ పదహారు కన్నాలూ బిగించేసరికి చుట్టరికం మీదే విరక్తి పుడుతుంది.

అసలు తిరకాసు ఆ గుమ్మం దగ్గరే ఉంది. ఈ బూటును ఊహించిన దేశాల్లో మనిషి మంచం పక్కన బూట్లు విప్పుతాడు. ఇక్కడ పాదరక్షల హద్దు గడప. ఎంత ఖరీదైన బూట్లయినా బయట చెప్పుల స్టాండు మీదో, మెట్ల కిందో ఉంటాయి. అర్ధరాత్రి నీళ్లొస్తే ఇంట్లో మొట్టమొదట మునిగే వస్తువు ఆ స్టాండే. ఇంటివాళ్లు కళ్లు నులుముకుని లేచేసరికి ఆపద్బాంధవులిద్దరూ చెరోవైపు ఊరేగింపుగా వెళ్తూ ఉంటారు.

భూకంపం వస్తే గాజు పెంకులు గుచ్చుకోకుండా మంచం కింద బూట్లు ఉంచుకోమన్నది కాలిఫోర్నియాలో చెప్పే జాగ్రత్త. అక్కడ అది అర్థవంతమైన మాట. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు వరంగల్‌లోనూ ఇళ్లు ఊగాయి. ఆ ఊపు కొన్ని సెకన్లే. ఆ వ్యవధిలో పదహారు కన్నాల సంగతి తేల్చగల మొనగాడు ఉన్నాడనుకున్నా, ముందు బూట్లు మంచం కిందికి చేరాలి కదా. అవి గడప దాటి లోపలికొస్తే ఇంట్లో పెద్దవాళ్ల నుంచి పుట్టే ప్రకంపన ఏ స్కేలుకూ అందదు.

బూటు నిజంగా ప్రాణం నిలబెట్టే చోటు ఒకటుంది. సర్వైవల్ వీడియోలు తీసేవాళ్లు అటువైపు పోరు, ఎందుకంటే అక్కడ బురద ఉంటుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. చనిపోయేది ఎక్కువగా పల్లెల్లో, అదీ వానాకాలంలో. కాటు పడేది ఎక్కువగా పాదం మీద, పిక్క మీద. పత్తి చేలో, మిరప తోటలో, రాత్రిపూట మోటారు వేయడానికి పోయే గట్టు మీద రక్తపింజరికీ కట్లపాముకూ మనిషి కాలికీ మధ్య ఒక రబ్బరు గంబూటు, చేతిలో ఒక టార్చి ఉంటే చాలా కాట్లు తప్పుతాయి. వరి నాట్లలో మాత్రం గంబూట్లు కుదరవు. దమ్ము చేసిన మడి బూటును పట్టుకుని కాలును మాత్రమే వదులుతుంది, అందుకే నాట్లేసే ఆడవాళ్లు ఉత్తికాళ్లతో దిగుతారు. తొడిగే ముందు బూటును బోర్లించి దులపడం మరవకూడదు, తేలు లోపల ఉండవచ్చు. వీడియోలవాళ్లూ ఇంట్లో ముసలమ్మలూ ఒక్క మాట మీద ఉన్న జాగ్రత్త ఇదొక్కటే.

నగరంలో లోతట్టున ఉన్న ఇంటికి కావలసిన సరంజామా చిన్నది. వెనక పట్టీ ఉండి, నీళ్లు పట్టని, నీళ్లు నిలవని రబ్బరు శాండళ్లు. హవాయి చెప్పులు పనికిరావు, బురద ఒక్క గుంజుడుకు వాటి పట్టీ ఊడదీస్తుంది. పాలిథిన్ కవర్లో రెండు జతల పొడి సాక్సులు, టార్చి, కర్ర. మెయిన్ ఆఫ్ చేసే స్విచ్చి ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండడం. కరెంటు స్తంభం దగ్గర నీళ్లలో దిగకుండా ఉండడం, ఏ మామూలు బూటు సోలునూ ఆ విషయంలో నమ్మరాదు. వరద నీళ్లలో నడిచాక కాళ్లు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టాలి. చర్మం మీద చిన్న గీరుడు ఉన్నా అందులోంచి ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ జబ్బు క్రిములు ఒంట్లోకి చేరగలవు. అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త అర్ధరాత్రి దాకా ఆగకుండా సాయంత్రమే ఎత్తైన చోటికి వెళ్లిపోవడం. దానికి ఏ జోడైనా సరిపోతుంది.

ఇక ఎత్తు బూట్లు తప్పనిసరిగా ఉండాల్సిన కాళ్లు ఎవరివో చట్టం ఎప్పుడో చెప్పింది. చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం కింద అదే ఏడాది వచ్చిన నిబంధనల్లో, మురుగు శుభ్రం చేసేవాళ్లకు ఇవ్వాల్సిన రక్షణ సామగ్రి జాబితా ఉంది. గంబూట్లు అందులో పేరు పెట్టి రాసి ఉన్నాయి. ఇవ్వాల్సిన బాధ్యత పని చేయించేవాళ్లది. వరద తీసిన మర్నాడు నాలా పూడిక తీసే మనిషి ఉత్తికాళ్లతో దిగడం కనిపిస్తే, ఆ వీధివాళ్లు వార్డు ఆఫీసులో నిలదీయవచ్చు. ఒక్క జత టాక్టికల్ బూట్ల డబ్బుతో అయిదారు జతల గంబూట్లు వస్తాయి.