మా గుర్రానికి ఏమీ లేదండీ!

2011 జూన్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రం, డేవిస్ కౌంటీలో రోడియో రాణి పోటీ జరిగింది. ఆడపిల్లలు తళుకుల చొక్కా, వెడల్పాటి టోపీ, బూట్లు వేసుకుని, గుర్రమెక్కి మైదానమంతా తిరిగి తమ స్వారీ ఎంత బాగుందో చూపించాలి. ఆ ఏడాదీ చొక్కాలున్నాయి, టోపీలున్నాయి, మార్కులు వేసేవాళ్లున్నారు. గుర్రాలే లేవు. వాటి బదులు కర్ర గుర్రాలు వచ్చాయి. ఒక కర్ర, దాని కొసన బొమ్మ తల. పిల్లలు వాటిని కాళ్ల మధ్య ఇరికించుకుని, ఎక్కడ దౌడు తీయాలో అక్కడ దౌడు తీసి, ఎక్కడ మలుపు తిరగాలో అక్కడ తిరిగి, మర్యాదగా పరీక్ష పూర్తి చేశారు.

పత్రికలు నవ్వుకున్నాయి. నవ్వొచ్చే సంగతే. కానీ ఆ వేసవిలో అమెరికా పశ్చిమ రాష్ట్రాల గుర్రాల లోకంలో కాస్త ఇంగితంతో ప్రవర్తించినవాళ్ల జాబితా రాస్తే ఈ కర్ర గుర్రాల పిల్లలు పైవరసలోనే ఉంటారు. గుర్రాన్ని ఇంటి దగ్గర ఉంచమన్నారు, ఉంచారు. అంతే కదా అడిగింది!

పెద్దవాళ్ల సంగతి వేరే. నెల ముందు అదే రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో ‘కటింగ్’ గుర్రాల పోటీలు జరిగాయి. ఏప్రిల్ ఆఖరున మొదలై మే 8తో ముగిశాయి. ఈ ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. గుర్రం ఆవుల మందలోకి మెల్లగా దూరుతుంది. రౌతు ఒక ఆవును ఎంచుకుని మందలోంచి బయటికి తోలుతాడు. ఇక అక్కడినుంచి ఆ ఆవు తిరిగి మందలో కలవకుండా గుర్రమే అటూ ఇటూ ఉరుకుతూ దారి కాయాలి. రౌతు కళ్లెం గుంజితే మార్కులు పోతాయి. రెండున్నర నిమిషాల ఆట. అంటే ఒక జంతువును గుంపులోంచి వేరు చేసి, వేరుగానే ఉంచే విద్యలో ఆరితేరిన మనుషులూ గుర్రాలూ ఒక్కచోట చేరాయన్నమాట. గుర్రాలే నాలుగు వందల పైచిలుకు. అన్ని రోజుల్లో వాళ్లు గుంపులోంచి వేరు చేయకుండా వదిలేసింది ఒక్క వైరస్ పట్టిన గుర్రాన్నే.

ఆ వైరస్ పేరు ఈక్వైన్ హెర్పిస్ వైరస్-1. మనుషులకు అంటదు. గుర్రాలకు మాత్రం పాత చుట్టం. చాలా గుర్రాలకు పిల్లతనంలోనే సోకి, ఒంట్లో ఒక మూల పడుకుని ఉంటుంది. మనకు చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ తాలూకు వైరస్ ముసలితనంలో అక్కిగా లేచినట్టే, ఇదీ అదను చూసి లేస్తుంది. అదను ఎప్పుడంటే గుర్రం అలిసినప్పుడు, బెదిరినప్పుడు, ట్రైలర్‌లో గంటల తరబడి కుదుపులు తిన్నప్పుడు, కొత్తచోట వందల గుర్రాల మధ్య నిలబెట్టినప్పుడు. ఒక్క మాటలో చెప్పాలంటే, యజమాని దాన్ని పోటీకి తీసుకెళ్లినప్పుడు.

ఎక్కువ గుర్రాలకు జలుబు, జ్వరంతో పోతుంది. కొన్నింటికి మాత్రం వెన్నుపాముకు ఎక్కుతుంది. వెనక కాళ్లు తడబడతాయి, మూత్రం బొట్లుబొట్లుగా కారుతుంది, ముదిరితే కుక్క కూర్చున్నట్టు కూలబడి ఇక లేవదు. అయిదు వందల కిలోల జంతువు లేవలేకపోతే వైద్యుడు చేయగలిగింది కొంచెమే. ఆగ్డెన్ లెక్కలు ముగిసేసరికి 10 రాష్ట్రాల్లో 90 గుర్రాలకు వ్యాధి ఖాయమైంది. వాటిలో 13 చనిపోయాయి, లేదా బాధ చూడలేక చంపేశారు. వాటి పక్కన మసలినవి, ఆ పక్కవాటి పక్కన మసలినవి కలిపితే నిఘాలో పెట్టాల్సినవి రెండు వేలు దాటాయి.

ఇక్కడ ఒక చిన్న అనుమానం రావాలి. ఈ వైరస్ గాలిలో కోసుల కొద్దీ ఎగిరే రకం కాదు. ముక్కుకు ముక్కు ఆనితేనో, దగ్గర్లో చీదితేనో, నీళ్ల బకెట్టు, కళ్లెం, తువ్వాలు, మనిషి చెయ్యి మధ్యవర్తిత్వం చేస్తేనో అంటుతుంది. మరి పది రాష్ట్రాలకు ఎలా వెళ్లింది? దానికి డ్రైవింగ్ లైసెన్సు లేదు. పెట్రోలు డబ్బులూ లేవు. అవి రెండూ ఉన్నవాళ్లు కప్పులు సర్దుకుని, ట్రైలర్ తలుపు బిగించి, దారిలో కాఫీ తాగుతూ, ఇంటి గుమ్మం దాకా దింపి వచ్చారు.

గుర్రాల యజమానులు దుర్మార్గులని కాదు. ప్రపంచంలో ఏ ఊళ్లో అడిగినా గుర్రం ఉన్నవాడు గుర్రాన్ని ప్రాణంలా చూసుకుంటున్నాననే అంటాడు, అబద్ధమూ కాదు. ఇబ్బందల్లా ఒక్క వాక్యంతో వస్తుంది: “మా గుర్రానికి ఏమీ లేదండీ.” వైరస్ వార్త రాగానే ప్రతి యజమానీ రెండు నిర్ణయాలకు వస్తాడు. మొదటిది, అందరూ తమ గుర్రాలను ఇళ్లలో కట్టేయాలి. రెండోది, తాను ఈ శనివారం పోటీకి ఎలాగూ ఫీజు కట్టేశాడు కాబట్టి ఒక్కసారి వెళ్లొస్తాడు. పక్కవాడి గుర్రం దగ్గితే అది వైరస్. తన గుర్రం దగ్గితే గడ్డిలో దుమ్ము.

తేల్చుకోవడం పెద్ద పనేమీ కాదు. రోజుకు రెండుసార్లు జ్వరం చూడాలి. గుర్రానికి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు ఒళ్లు వేడి. మనం సెలవు చీటీ రాసే వేడిలో అది హాయిగా గడ్డి నములుతుంది. 101.5 దాటితే వైద్యుణ్ని పిలవాలి. చాలాసార్లు మొదట కనిపించేది ఈ జ్వరమొక్కటే, తక్కిన లక్షణాలన్నీ తర్వాత వస్తాయి. కాకపోతే థర్మామీటరు పెట్టేది నోట్లో కాదు, వెనక. అది లోపలికి జారిపోకుండా చివర ఒక దారం కట్టి, ఆ దారానికి బట్టలు ఆరేసే క్లిప్పు తగిలించి, క్లిప్పును తోక వెంట్రుకలకు పట్టించి, తన్నులకు అందకుండా ఒక పక్కకు ఒదిగి నిలబడాలి. వేల డాలర్లు పోసి జీను కొన్న మనిషికి ఈ భంగిమ అంత రుచించదు. ఫొటోకూ బాగుండదు.

అసలు నాటకం చూడాలంటే నీళ్లు పట్టేచోట చూడాలి. వరసగా పది కొట్టాలు, పది బకెట్లు, ఒకటే రబ్బరు గొట్టం. పట్టేవాడు గొట్టం కొసను మొదటి బకెట్టులో ముంచుతాడు, నిండగానే తీసి రెండో బకెట్టులో ముంచుతాడు. ముంచితే చప్పుడు రాదు, బూట్ల మీద నీళ్లు చిందవు. మొదటి గుర్రం ముక్కు కారుస్తుంటే ఆ చీమిడి పదో గుర్రం దాకా నీళ్లలో ఈదుకుంటూ వెళ్తుంది. గొట్టాన్ని జానెడు పైకెత్తి పట్టమని పశువైద్యులు ప్రతి విడతలోనూ చెప్తూనే ఉన్నారు. పైకెత్తడానికి ఖర్చు లేదు. బహుశా అందుకే ఎవరూ ఎత్తరు.

ఖర్చు ఉన్న పనికైతే జనం ఎగబడతారు. వార్త రాగానే టీకా కోసం వైద్యుడికి ఫోన్లు. ఈ వైరస్‌కు టీకాలున్నాయి. జలుబు, గర్భస్రావాల ముప్పును తగ్గిస్తాయి. వెన్నుపాముకెక్కే రకాన్ని ఆపుతానని మాత్రం ఏ టీకా సీసా మీదా రాసి ఉండదు. ఆ సంగతి ఓపిగ్గా విన్నాక యజమాని అడిగే తర్వాతి ప్రశ్న, “ఎప్పుడు వేయించుకోమంటారు?”

ప్రభుత్వాలు ఇంతకన్నా తెలివిగా ఉంటాయనుకునేవారు 2007లో ఆస్ట్రేలియా వెళ్లి ఉండాల్సింది. అక్కడ వచ్చింది వేరే వైరస్, గుర్రాల ఫ్లూ. అప్పటిదాకా ఆ ఖండంలో ఆ జబ్బే లేదు. ఏటా ఆగస్టులో ఉత్తరార్ధగోళం నుంచి ఖరీదైన పోతుగుర్రాలు విమానాల్లో దిగుతాయి, సెప్టెంబరులో మొదలయ్యే సంతానోత్పత్తి కాలానికి. ఆ ఏడాది జపాన్‌లో ఫ్లూ ఉంది. అక్కడినుంచి వచ్చిన గుర్రాలను సిడ్నీ దగ్గర ఈస్టర్న్ క్రీక్ క్వారంటైన్ కేంద్రంలో పెట్టారు. పేరు క్వారంటైనే, కంచె ఉంది, కాపలా ఉంది. లోపలికి వెళ్లొచ్చే మనుషులు బయటికొచ్చేముందు స్నానం చేసి బట్టలు మార్చుకోవాలన్న ఒక్కటే సరిగ్గా అమలు కాలేదు. గుర్రం జైల్లో, వైరస్ చొక్కా మీద బెయిల్‌పై. మాజీ న్యాయమూర్తి ఇయన్ కాలినన్ విచారణ జరిపి 2008లో నివేదిక ఇచ్చారు. కేంద్రంలోంచి బయటికొచ్చిన మనిషి ఒంటి మీదో, సామాను మీదో అది గడప దాటి ఉంటుందన్నారు. ఒక ఖండంలో వేలాది గుర్రాలకు పడిశం పట్టించింది చేయని స్నానమన్నమాట.

ఆగస్టు 25న దేశమంతటా గుర్రాల కదలికలు బంద్ చేశారు. ఎక్కడి గుర్రం అక్కడే. క్వీన్స్‌లాండ్‌లోని వారిక్ దగ్గర పోటీలకొచ్చినవాళ్లు గుర్రాలతో సహా మైదానంలోనే ఇరుక్కున్నారు. రెండు రోజుల బట్టలతో వచ్చినవాళ్లు వారాల తరబడి గుడారాల్లో కాపురం పెట్టారు. సిడ్నీలో గుర్రప్పందాలు ఆగాయి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ పెళ్లిళ్లకు తగిలింది. థరోబ్రెడ్ జాతి గుర్రాలకు కృత్రిమ గర్భధారణ నిషిద్ధం. పుట్టిన పిల్ల పేరు వంశావళి పుస్తకంలోకి ఎక్కాలంటే పోతుగుర్రమూ ఆడగుర్రమూ స్వయంగా కలవాల్సిందే. సరిగ్గా ముహూర్తాలు మొదలయ్యేవేళకు కదలికల నిషేధమనే మూఢం వచ్చి పడింది. ఒక్కో కలయికకు లక్షల ఫీజు వసూలు చేసే పెళ్లికొడుకులు కొట్టంలో ముక్కు తుడిపించుకుంటూ నిలబడ్డారు. చివరికి వైరస్ ఎలాగూ బాగా పాకిన ప్రాంతాలను ‘ఊదారంగు జోన్’ అని ప్రకటించి, హంటర్ వ్యాలీ ఫారాలు అందులోకి రావడంతో, లోపల లోపల తిరుగుళ్లకు అనుమతిచ్చారు. అప్పుడు కళ్యాణాలు ఊపందుకున్నాయి.

నవ్వినా, ఆస్ట్రేలియాకు ఇవ్వాల్సిన మార్కు ఇవ్వాలి. దాదాపు పది వేల చోట్ల అంటిన జబ్బును కదలికల నిషేధం, టీకాలు కలిపి డిసెంబరు 25 నాటికి తుడిచేశారు. ఆ తర్వాత కొత్త కేసు రాలేదు. యజమానులు గొణుక్కున్నారు, నష్టాలు లెక్కేసుకున్నారు, తిట్టుకున్నారు. అయినా గుర్రాలను కదపలేదు. భారీ జరిమానాల భయమూ తోడ్పడి ఉంటుంది.

ఐరోపా వాళ్లు ఇదంతా చదివే ఉంటారు. అయినా 2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఆగ్డెన్ కథ అక్షరం పొల్లుపోకుండా మళ్లీ జరిగింది. వారాల తరబడి సాగే జంపింగ్ పోటీలు, పెద్ద పెద్ద గుడారాల్లో పక్కపక్కనే కొట్టాలు, అదే హెర్పిస్. జబ్బు బయటపడేసరికి చాలా గుర్రాలు ఇళ్లకు బయల్దేరిపోయాయి, రెండు ఏకంగా దోహా పోటీలకు చేరి అక్కడ పాజిటివ్‌గా తేలాయి. అంతర్జాతీయ అశ్విక సమాఖ్య ముందు 10 దేశాల్లో పోటీలు ఆపింది, తర్వాత గడువు పెంచింది. ఐరోపాలో 18 గుర్రాలు పోయాయి. ఇందులో చోద్యమేమంటే, ఆ గుర్రాలను తోలుకెళ్లినవాళ్లంతా అప్పటికి ఏడాదిగా మూతికి మాస్కు కట్టుకుని తిరుగుతున్నారు. శానిటైజరు, పీసీఆర్, పద్నాలుగు రోజుల ఏకాంతం, అన్నీ కంఠతా వచ్చు. ఆ పాఠం గుర్రానికీ వర్తిస్తుందని తట్టలేదంతే. 2025 నవంబరులో టెక్సస్‌లోని వేకోలో జరిగిన మహిళల బ్యారెల్ రేసింగ్ ఫైనల్స్ తర్వాత అదే హెర్పిస్ బయటపడి, అమెరికా మళ్లీ అవే థర్మామీటర్లు వెతుక్కుంది.

ఇదంతా గుర్రం సరదా అయినచోటి కథ. గుర్రం కూడు పెట్టేచోట వేళాకోళానికి అంత చోటు ఉండదు. 1872లో టొరంటో దగ్గర మొదలైన ఫ్లూ కొద్ది వారాల్లో న్యూయార్క్, బోస్టన్ చేరినప్పుడు ట్రాములు ఆగాయి, బండ్లకు ఎడ్లను కట్టారు, కొన్నిచోట్ల మనుషులే కాడి భుజానికెత్తుకున్నారు. దగ్గుతున్న గుర్రాలతోనే బళ్లు నడుపుతున్న కంపెనీలకు జంతు సంరక్షణ సంఘం స్థాపకుడు హెన్రీ బర్గ్ రోడ్డు మీద నిలబడి అడ్డుపడ్డాడు. నవంబరు 9 రాత్రి బోస్టన్ అంటుకున్నప్పుడు అగ్నిమాపక యంత్రాలను మనుషులు చేతులతో లాక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. 776 భవనాలు కాలిపోయాయి.

మనకు కేదార్‌నాథ్ ఉంది. గౌరీకుండ్ నుంచి గుడిదాకా ఎక్కలేని మన తెలుగు యాత్రికులు కూడా చాలామంది నమ్ముకునేది కంచరగాడిదలనే. 2025 ఏప్రిల్‌లో అక్కడి అధికారులు ఫ్లూ భయంతో వేలకొద్దీ జంతువులకు పరీక్షలు చేశారు, బాగున్నవాటినే కొండెక్కనిచ్చారు. మే 2న గుడి తెరిచారు. ఆ తర్వాత రెండు రోజుల వ్యవధిలో 14 చనిపోయాయి. దాంతో వాటి రాకపోకలను ఆపేశారు. మొదట ఆపింది 24 గంటలు. ఫ్లూ సోకిన జంతువు జ్వరం చూపించడానికే ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అంటే ఉత్తర్వుకు వైరస్ కన్నా తొందరెక్కువ.

ఆ కంచరగాడిద యజమానిని ఆగ్డెన్ రౌతుతో పోల్చడం అన్యాయం. ఏడాది తిండి ఆర్నెల్ల యాత్రలో సంపాదించుకోవాలి, దాన్ని కొన్న అప్పు మీద వడ్డీ రోజూ పెరుగుతుంది, ఒక్క రోజు కట్టేసినా దాణా మాత్రం తప్పదు. అతను కూడా “మా దానికి ఏమీ లేదు సాబ్” అనే అంటాడు. అతని మాటకు కనీసం ఒక కారణముంది. దాని వీపెక్కి కూర్చున్న ఎనభై కిలోల భక్తుణ్ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అది దగ్గుతోందా, ముక్కు కారుతోందా, నిన్న ఎన్ని ట్రిప్పులు తిరిగిందో అతనూ కనుక్కోడు. అతను బేరం చేసేది ఒక్కటే, రెండు వేలు తగ్గిస్తావా అని.