‘ఆల్బమ్ పంచకం’: సటీకా తాత్పర్యము

అవతారిక

“ఈ ఏడాది కొత్త ఆల్బమ్స్ ఏం విన్నావురా?” అని అడిగిన పాపానికి, 2023 చివర్లో మా మేనల్లుడు వాట్సాప్‌లో ప్రసాదించిన లఘుగ్రంథమిది. మూలంలో లేనిది ఒక్క ముక్క రాయనని మన మెదక్ సీమ వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన ముందు కాళిదాసు ఉన్నాడు, చెల్లింది. ఇక్కడ ఆ నియమం పాటిస్తే టీకే ఉండదు.

మూలము

“మామయ్యా, స్టోన్స్ ముసలాళ్ళయినా దుమ్ము లేపేశారు. మెటాలికా ఓకే, లెంగ్తే ఎక్కువ. ఆండ్రే ఫ్లూట్ హెడ్‌ఫోన్స్‌లోనే విను. శక్తి... మాటల్లేవ్. హాయ్ నాన్న వినగా వినగా ఎక్కుద్ది.”

ప్రతిపదార్థము

మామయ్యా = నాకంటే తక్కువ తెలిసినవాడా; ముసలాళ్ళయినా = వాళ్ళ గాయకుడు మిక్ జాగర్‌కు ఎనభై నిండినా; దుమ్ము లేపేశారు = మొదటి పాట బాగుంది; ఓకే = నచ్చలేదు; హెడ్‌ఫోన్స్‌లోనే = స్పీకర్లో పెడితే ఇంట్లో తిట్టారు కనుక; శక్తి = జాన్ మెక్‌లాఫ్లిన్, జకీర్ హుస్సేన్‌ల బృందము, అమ్మవారు కాదు; మూడు చుక్కలు = నిట్టూర్పు; ఎక్కుద్ది = ఇంకా ఎక్కలేదు.

తాత్పర్యము

ఓ మామయ్యా! తెలిసిన సంగీతాన్ని సగం విని తీర్పు చెప్పితిని. తెలియని సంగీతాన్ని పూర్తిగా విని, ఏం చెప్పాలో తోచక నీ మీదికి తోసితిని.

విశేషములు

దుమ్ము: సొంత పాటలతో రోలింగ్ స్టోన్స్ 2005 తర్వాత చేసిన మొదటి ఆల్బమ్ ‘హ్యాక్‌నీ డైమండ్స్’. పద్దెనిమిదేళ్ళుగా పేరుకున్న దుమ్ము కనుక లేపారనడం సార్థకమే. 2021లో పోయిన డ్రమ్మర్ చార్లీ వాట్స్ వాయించి వెళ్ళిన రెండు పాటలు ఇందులో ఉన్నాయి. మరో పాటలో పాల్ మెకార్ట్నీ బేస్ గిటార్ పట్టాడు. మూలకర్త ఇవేవీ ఎత్తలేదు. అందాకా వెళ్ళలేదని ఊహ.

లెంగ్తే ఎక్కువ: మెటాలికా వారి ‘72 సీజన్స్’లో పన్నెండు పాటలు, 77 నిమిషాలు. మనిషి బతుకులో మొదటి పద్దెనిమిదేళ్ళకు ఏడాదికి నాలుగు చొప్పున డెబ్బై రెండు ఋతువులని వాళ్ళ లెక్క. మనకు ఋతువులారు. కనుక మన పంచాంగం ప్రకారం ఇది సరిగ్గా ఒక పుష్కరం. ఆరేళ్ళు కోసేసినా ఆఖరి పాట ‘ఇనమొరాటా’ పదకొండు నిమిషాలు దాటే ఉంటుంది, అది వేరే సంగతి. ఇంటర్ చదివే రోజుల్లో మెటాలికా టీషర్టు ఉతకడానికి కూడా ఇవ్వని కుర్రాడు ఇప్పుడు వాళ్ళ పాట వింటూ గడియారం చూస్తున్నాడు.

ఆండ్రే ఫ్లూట్: ఔట్‌కాస్ట్ జంటలో ఒకడైన ర్యాపర్ ఆండ్రే 3000 సొంతంగా చేసిన తొలి ఆల్బమ్ ‘న్యూ బ్లూ సన్’. ర్యాప్ ముక్కే లేదు, ప్రధానంగా వేణువులే. మొదటి వాయింపు పేరే ఒక క్షమాపణ: ర్యాప్ ఆల్బమే చేద్దామనుకున్నాను గానీ గాలి ఇటు తోసింది, అని దాని సారాంశం. పన్నెండు నిమిషాలు దాటిన ఆ వాయింపు బిల్‌బోర్డ్ హాట్ 100కెక్కి, అప్పటిదాకా ఆ పట్టికలో చేరినవాటిలోకెల్లా పొడుగైనది అనిపించుకుంది.

ఆక్షేపణ: మెటాలికా 77 నిమిషాలు ఎక్కువైనవాడికి ఆండ్రే 87 నిమిషాలు ఎలా సరిపోయాయి?

సమాధానము: కార్తీక పౌర్ణమికి మా ఇంటికొచ్చినప్పుడు చూశాను. ఫోన్‌లో పాటను ముందుకు జరిపే గీత మీద బొటనవేలు ఆనించి కూర్చున్నాడు. మొదటి వాయింపు అయ్యేదాకా ఆ వేలు కదల్లేదు. అయ్యాక, “ఇందులో తాళం ఎక్కడుంది మామయ్యా?” అన్నాడు. మెటాలికా గురించి వాడు నన్ను ఏనాడూ ఒక్క ప్రశ్న అడిగి ఎరగడు. తెలియనిచోట తప్పు పట్టడానికి పట్టు దొరకదు, వినడం తప్ప దారి లేదు.

మాటల్లేవ్: శ్లేష. పొగడడానికి మాటల్లేవని ఒక అర్థం, పాటలో సాహిత్యం తక్కువని రెండోది, ఏం విన్నానో నాకే తెలియలేదని మూడోది. శంకర్ మహదేవన్ గొంతు ఉంది కనుక రెండోది నిలవదు. వాడి ముఖం తెలిసినవాణ్ణి కనుక మూడోదే గ్రాహ్యం. అయినా శక్తి ఆల్బమ్ ‘దిస్ మూమెంట్’ మొత్తం విన్నాడు, అందుకు మెచ్చుకోవాలి.

ఎక్కుద్ది: రెహమాన్ అభిమానులు అరగదీసిన మాట. పాఠాంతరం: ‘స్లో పాయిజన్’. ‘హాయ్ నాన్న’ సినిమా డిసెంబరులో వచ్చింది, సంగీత దర్శకుడు హేషమ్ పాటలు అంతకు ముందే ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలై దిగాయి. ‘సమయమా’ వాడి కాలర్‌ట్యూన్ కూడా. అంటే వినగా వినగా అన్నది ఆ ఒక్క పాటకే వర్తిస్తుంది. మిగతావాటికి ‘వినగా’ ఒకసారే.

ఐదింటిలో ఈ వ్యాఖ్యాత ఓటు ‘దిస్ మూమెంట్’కి. చదువరులు ‘72 సీజన్స్’ను మాత్రం చివరి పాట నుంచి మొదలుపెట్టి వినగలరు.