గేటు పద్యానికి గిరిసోల వ్యాఖ్య

అవతారిక

గిరిసోల వాళ్లకు గేటంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయినప్పుడు బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం మద్రాసు వైపే ఉండిపోయింది, నడుమ పడ్డ గీత మా ఊరి పక్కనుంచి పోయింది. గీత ఉన్నచోట గేటు లేకుండా ఉంటుందా? అయిదో నంబరు జాతీయ రహదారి పదహారో నంబరు అయ్యేలోపల ఎన్ని లారీలు ఇక్కడ కాగితాలు పట్టుకుని నిలబడ్డాయో లెక్కలేదు. ఇటు గిరిసోల, అటు పురుషోత్తపురం. ఒక గేటు దాటి ఊపిరి పీల్చుకునేలోపల ఇంకో గేటు. జీఎస్టీ వచ్చాక పన్నుల గేట్లు పోయాయి. రోడ్డు మీద పోయిన గేట్లు ఇళ్ల ముందు మొలిచాయి.

బరంపురం అపార్టుమెంట్లకు, రోడ్డు వార లేస్తున్న లేఅవుట్లకు ఇప్పుడు ఫోను గేటు అనే కొత్త మోజు పట్టుకుంది. దాన్ని అమర్చే పుస్తకం చేంతాడంత ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. ఎవరో పుణ్యాత్ముడు ఆ పుస్తకాన్నంతా ఒక్క ఆటవెలదిలో కుదించాడు. కవి పేరు తెలియదు. పద్యం ఇది:

గేటు ముందు నిలిచి కేక వేయక యంకె
నొక్క మోగు నింట నున్న ఫోను
తొమ్మిదంకె నొక్కఁ దొలగు నయస్కాంత
బంధ మంత, వచ్చు భాగ్యశాలి.

యతులు సరిపోయాయి. వైర్లు సరిపోయాయో లేదో చూడవలసిన బాధ్యత వ్యాఖ్యాతది. మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు, మాకు ఇది దొరికింది. ఎవరి ప్రాప్తం వారిది.

ప్రతిపదార్థం

గేటు ముందు = ప్యానెల్ బిగించిన స్తంభం ఎదుట (బయటికి తెరుచుకునే గేటయితే రెండడుగులు వెనక్కి); నిలిచి = బండి దిగి, హెల్మెట్ తీసి; కేక వేయక = "ఓ మావా!" అని వీధి చివరిదాకా వినబడేట్టు పిలవకుండా; అంకె = ఇంటికి ప్యానెల్‌లో కేటాయించిన కోడును; నొక్కన్ = నొక్కగా; ఇంట నున్న ఫోను = ఇంట్లో ఉన్న ఫోను (దీని మీద వివాదం ఉంది, కింద చూడండి); మోగున్ = మోగుతుంది; తొమ్మిదంకె నొక్కన్ = తొమ్మిది నొక్కగా (ఎవరు? ఇదీ కిందనే); అయస్కాంత బంధ మంత = తలుపును పట్టి ఉన్న విద్యుదయస్కాంతపు పట్టంతా; తొలగున్ = వదులుతుంది; భాగ్యశాలి = అవతల ఫోను ఎత్తేవాడు ఉన్న అతిథి; వచ్చున్ = లోపలికి వస్తాడు.

"అంకె" అంటే ఫ్లాటు నంబరని కొందరు అర్థం చెప్పారు. అది పొరపాటు. పేరు పక్కన మూడు నాలుగు అంకెల కోడు మాత్రమే తెర మీద కనిపించాలి. ఏ అంతస్తు, ఏ వాటా, ఏ ఫోను నంబరు అన్నది ప్యానెల్ కడుపులోనే ఉండాలి. వచ్చినవాడు చుట్టమో కాదో తేలకముందే వాడికి మన తలుపు ఎక్కడుందో చెప్పడం దేనికి?

తాత్పర్యం

వచ్చినవాడు అరవకుండా కోడు నొక్కితే, గేటు తానే ఇంటివారికి ఫోను చేస్తుంది. వారు మాట విని, గుర్తుపట్టి, తమ ఫోనులో తొమ్మిది నొక్కితే తాళం వీడుతుంది. ఇంతే. ఈ ఇంతేలోనే ఉంది అంతా.

విశేషాలు

"ఇంట నున్న ఫోను" అన్నచోట కవి పాతకాలపు మనిషి అని తేలిపోతోంది. ఆయన మనసులో ఉన్నది బల్ల మీద గుడ్డ కప్పి పెట్టిన ల్యాండ్‌లైను, 0680 తరవాత వచ్చే నంబరు. ఇవాళ ఇంట ఉన్నది ఫోను కాదు, ముసలివాళ్లు. ఫోను సూరత్‌లో ఉంది. గంజాం జిల్లా కుర్రాళ్లు సూరత్ మరమగ్గాల దగ్గరికి తరాలుగా పోతున్నారు. అపార్టుమెంటు పట్టికలో ఇంటి యజమానిగా రాయించిన నంబరు కొడుకుదే. కాబట్టి ఇక్కడ మావయ్య వచ్చి కోడు నొక్కితే అక్కడ మగ్గాల రొదలో ఫోను మోగుతుంది.

"కిఏ?" అంటాడు వాడు, ఒడియాలో.

"నేనేరా."

"నేనే అంటే ఎవరు?"

"మావయ్యని."

"ఏ మావయ్య?"

ఈ సంభాషణ పద్యంలో లేదు, కానీ "మోగు" తరవాత "తొమ్మిది"కి ముందు ఉన్న జాగాలో ఇది తప్పదు. "నేనే" అన్న జవాబు మీద అద్వైతులకు ఎంత గౌరవం ఉన్నా గేటు దగ్గర అది చెల్లదు. ప్రపంచంలో దొంగ కూడా "నేనే" అనే అంటాడు. మీట నొక్కే యంత్రానికి మావయ్య గొంతు తెలియదు, కొడుక్కి తెలుసు. ఈ ఏర్పాటులో నమ్మదగ్గ భాగం అదొక్కటేనని మా అభిప్రాయం. లోపల అమ్మ నిద్రపోతుంటే, దేశానికి ఆ చివర ఉన్న కొడుకు ఈ చివర తలుపు తీస్తాడు. కవి "ఇంట నున్న" అనడం తప్పే అయినా, ఫోను ఉన్నచోటే ఇల్లు అని లక్షణార్థం చెప్పుకుని సరిపెట్టుకోవచ్చు.

సరిహద్దు ఊరి వాళ్లకు ఇంకో చిక్కు. గేటు ప్యానెల్‌లో సిమ్ వేస్తే అది ఏ టవరును పట్టుకుంటుంది? రోమింగ్ చార్జీలున్న రోజుల్లో గడప దాటకుండానే ఆంధ్రా సర్కిల్లోకి వెళ్లి వచ్చిన ఫోన్లు మా దగ్గర బోలెడు. ఇప్పుడు ఆ చార్జీల బెడద లేదు గానీ, గేటు నంబరు ఎవరి ఫోనులోనూ సేవ్ అయి ఉండదు. యాప్ దాన్ని ఎర్రగా చూపించి స్పామ్ అంటుంది. కొడుకు కోసేస్తాడు. మావయ్య ఎండలో నిలబడతాడు. అందుచేత అమర్చిన రోజునే ప్రతి ఇంటివారి ఫోనులో ఆ నంబరును "మన గేటు" అని దాయించడం అమర్చేవాడి విధి. పుస్తకంలో ఇది ఉండదు.

ఇక అసలు వివాదం. "తొమ్మిదంకె నొక్కఁ" అన్నాడు, ఎవరు నొక్కాలో చెప్పలేదు. మొదటి "నొక్క"కు కర్త బయట నిలిచినవాడు. రెండో "నొక్క"కు కూడా వాడే కర్త అని వ్యాకరణం తెలిసినవాళ్లు వాదించవచ్చు. వాదించడమేమిటి, రోజూ చేస్తున్నారు. వచ్చిన ప్రతివాడూ కోడు నొక్కి, ఫోను మోగుతుండగానే బయటి ప్యానెల్ మీద తొమ్మిది కూడా నొక్కి, గేటు రాలేదని తన్నుతున్నాడు.

సిద్ధాంతం ఏమిటంటే, రెండో నొక్కుడు లోపలివాడిది. దీనికి శబ్దప్రమాణం ఉంది. ఫోనులో ఒక అంకె నొక్కితే ఒకేసారి రెండు స్వరాలు పలుకుతాయి. తొమ్మిదికి 852 హెర్ట్జ్ ఒకటి, 1477 హెర్ట్జ్ ఒకటి. అడ్డు వరసకు ఒక స్వరం, నిలువు వరసకు ఒక స్వరం, రెండూ కలిసిన చోట అంకె. అమెరికాలో బెల్ వాళ్లు 1963 నవంబరు 18న పెన్సిల్వేనియాలోని రెండు ఊళ్లలో ఈ బొత్తాల ఫోన్లను మొదలుపెట్టారు. ఒక్క స్వరమయితే మనిషి గొంతుకో, ఈలకో యంత్రం మోసపోతుందని రెండు పెట్టారు. ఒకదానికొకటి గుణిజాలు కాని స్వరాలు ఏరి మరీ పెట్టారు. డయలు తిప్పే పాత ఫోనులో తొమ్మిది తిప్పితే తొమ్మిది టకటకలే వస్తాయి, స్వరం రాదు. కాబట్టి తాతగారి నల్ల ఫోనుతో తలుపు రాదు.

ఇంత జాగ్రత్త పడ్డవాళ్లు ఒక సంగతి మాత్రం అమర్చేవాడికి వదిలేశారు. స్వరం ఎక్కడినుంచి వచ్చింది? బయట నిలబడ్డవాడు జేబులోంచి ఇంకో ఫోను తీసి మైకు దగ్గర తొమ్మిది పలికిస్తే? మంచి ప్యానెల్ తన మైకులో పడ్డ స్వరాన్ని లెక్కచేయదు, అవతలి కొస నుంచి వచ్చినదాన్నే వింటుంది. చవకది రెండింటినీ వింటుంది. అంటే చవక ప్యానెల్ కొన్నవాళ్లింట "బయటివాడే కర్త" అన్న పూర్వపక్షం నెగ్గినట్టే! కొనేముందు ఈ పరీక్ష చేయించని కమిటీకి వ్యాకరణం గానీ భద్రత గానీ తెలియదని చెప్పాలి.

ఇటీవల ఇంకో మతం పుట్టింది. కొత్త నెట్‌వర్కులో మొబైల్లో నొక్కిన అంకె శబ్దంగా ప్రయాణించదు, సమాచారపు ముక్కగా వెళ్తుంది. దారిలో దాన్ని మళ్లీ స్వరంగా మార్చే యంత్రం సరిగా మార్చకపోతే, కొడుకు పదిసార్లు తొమ్మిది నొక్కినా గేటుకు ఏమీ వినబడదు. అందుకని అన్ని కంపెనీల సిమ్‌లతోనూ నొక్కించి చూశాకే డబ్బులు చెల్లించాలి.

"బంధ మంత" అన్నచోట ఒక శంక. ఒక్క తలుపుకు ఒక్క పట్టు చాలదా, "అంత" ఎందుకు? పాదపూరణానికి అన్నారు కొందరు. కాదు. అంత అనగా సర్వమూ, అనగా ముందు గేటు, వెనక గేటు, లిఫ్టు దగ్గరి తలుపు, మూడూ. మూడు తలుపులు ఒక్క పట్టికను చూసి నడవాలంటే వాటిని కలిపే వల ఉండాలి. ఈ విధంగా కవి నెట్‌వర్కును ధ్వనిమాత్రంగా చెప్పాడు. ఒక ప్యానెల్ పెద్దది, ఫోను లైను దానికే. తక్కినవి దానికి లోబడినవి. పాత పద్ధతిలో పురిపెట్టిన జంట తీగ మీద వీటిని కలిపితే 1200 మీటర్ల దాకా మాట పోతుంది. కంప్యూటరు కేబుల్ అయితే వేగం ఎక్కువే గానీ 100 మీటర్లు దాటితే నడుమ స్విచ్ పెట్టాలి. ఈ 100 మీటర్ల నియమాన్ని లెక్కచేయకుండా వెనక గేటుదాకా ఒకే కేబుల్ లాగి, వాన పడినప్పుడల్లా పనిచేయడం లేదని తిట్టుకునే లేఅవుట్లు బరంపురం చుట్టూ ఉన్నాయి.

ప్రతి ప్యానెల్‌కూ వేరే ఐపీ చిరునామా ఇవ్వాలి. రెండింటికి ఒకటే ఇస్తే ఒకసారి ఒకటి పలుకుతుంది, ఒకసారి ఇంకోటి. పట్టికను ఆఫీసు కంప్యూటరులో ఒక్కసారి దిద్ది మూడింటికీ పంపాలి. వల తెగినా ప్రతి ప్యానెల్ తన దగ్గరున్న నకలు చూసుకుని తలుపు తీస్తూనే ఉంటుంది, ఎవరు వచ్చారో రాసుకుని వల బాగుపడ్డాక అప్పజెబుతుంది. కార్డు పెట్టుకునే ఇళ్లకు వీగాండ్ అనే పద్ధతి. మామూలు కార్డులో 26 బిట్లుంటాయి, అందులో మనిషి నంబరుకు 16, సంస్థ గుర్తుకు 8, తప్పులు పట్టడానికి 2. అంటే ఒక సంస్థ గుర్తు కింద 65,536 నంబర్లే. గిరిసోలకు చాలు.

"అయస్కాంత బంధం" గురించి ఒక మాట చెప్పకపోతే వ్యాఖ్య అసంపూర్ణం. 600 పౌండ్ల అయస్కాంతమంటే సుమారు 270 కిలోల బలంతో లాగితే తప్ప ఊడదు. కరెంటు ఉన్నంతసేపే దాని పట్టు. అందువల్ల దాన్ని రిలేలో ఎప్పుడూ కలిసి ఉండే కాలికి కలపాలి, తొమ్మిది నొక్కినప్పుడు తెగాలి. అటుది ఇటు కలిపితే ఏమవుతుంది? గేటు రోజంతా బార్లా తెరిచి ఉండి, తొమ్మిది నొక్కిన అయిదు సెకన్లు మాత్రం గట్టిగా మూసుకుంటుంది. అతిథిని చూసి తలుపేసుకునే ఇల్లు అన్నమాట. రెండో రకం తాళముంది, కరెంటు పోతే మూసుకునే ఉండేది. ఏది పెట్టాలన్నదానికి మా జవాబు సూటిగా ఉంటుంది. మనుషులు బయటికి పరుగెత్తవలసిన దారికి మొదటిది, సామాన్లున్న గదికి రెండోది. నిప్పు అంటుకున్నప్పుడు తొమ్మిది నొక్కే తీరిక ఎవరికీ ఉండదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ బ్యాటరీ మీద అర యాంపియరు తాగే అయస్కాంతం లెక్క ప్రకారం 14 గంటలు నిలుస్తుంది, అదీ బ్యాటరీ కొత్తదయితే. ఆ తరవాత "తొలగు నయస్కాంత బంధ మంత" అన్న మాట కర్త లేకుండానే, తొమ్మిది లేకుండానే నిజమవుతుంది. కాబట్టి తుపాను ఊళ్లో గేటుకు మామూలు గొళ్లెమూ మామూలు తాళంకప్పా కూడా ఉండి తీరాలి. వాచ్‌మన్ దగ్గర తాళంచెవి ఉండాలి. అమ్మేవాళ్లు ఈ మాట అంటే నవ్వుతారు. నవ్వనివ్వండి.

పాఠాంతరం

"వచ్చు భాగ్యశాలి" అనేదానికి "వచ్చు పాలవాడు" అని వాచ్‌మన్లలో ఒక పాఠం ప్రచారంలో ఉంది. గణం చెడలేదు, యతి చెడలేదు. అర్థమే తిరగబడింది. పాలవాడు వచ్చేది అయిదింటికి. ఆ వేళకు ఎవరు ఫోను ఎత్తుతారు, ఎవరు తొమ్మిది నొక్కుతారు? అందుకని పాలవాడికి ప్రత్యేకంగా ఒక రహస్యపు అంకె ఇచ్చి, అది అయిదు నుంచి ఆరు వరకే పనిచేసేట్టు వేళ కట్టాలి. మేం చూసినచోట వేళ కట్టలేదు. అంకె పాలవాడి నుంచి పేపరువాడికి, పేపరువాడి నుంచి ఇస్త్రీవాడికి, అక్కడినుంచి వీధికంతటికీ అందింది. పిల్లలు క్రికెట్ బంతి కోసం అదే నొక్కుతున్నారు.

మార్చండి అని సెక్రటరీగారితో అన్నాం. మార్చాలంటే పెద్ద ప్యానెల్ పాస్‌వర్డు కావాలన్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే ఉంచారా, మార్చుకున్నారా అని అడిగితే, బిగించిన కుర్రాడికి తెలుసు మావయ్యా అన్నారు. కుర్రాడు ఇప్పుడు సూరత్‌లో గేట్లు బిగిస్తున్నాడట. ఫోను చేశాం. ఎత్తాడు. రోజంతా గేట్లు పరీక్షించే చెయ్యి కదా, మేం నోరు తెరిచేలోపలే తొమ్మిది నొక్కేశాడు.