నా చిరునామా హెచ్25వీ07

నేనొక ఫైలును. నాలో పన్నెండు పొరలుంటాయి. ప్రధానమైన పొరలో 4,800 అడ్డ వరుసలు, 4,800 నిలువు వరుసలు. అంటే 2,30,40,000 అంకెలు. నా పేరు ఎంఓడీ13క్యూ1తో మొదలై, ఏ2002193, హెచ్25వీ07 మీదుగా సాగుతుంది. మొదటిది నా వంశం, రెండోది నేను చూసిన కాలం, మూడోది నా చోటు.

1999 డిసెంబరు 18న నాసా ప్రయోగించిన టెర్రా ఉపగ్రహం నాకు కన్నతల్లి. 705 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ఉదయం పదిన్నర ప్రాంతంలో రాయలసీమ మీదుగా సాగిపోయేది. దానిలోని మోడిస్ పరికరం ఎర్రని కాంతినీ, మన కంటికి ఆనని సమీప పరారుణ కాంతినీ కొలిచేది. పచ్చని ఆకు ఎరుపును తాగేస్తుంది, పరారుణాన్ని తిప్పికొడుతుంది. ఆ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ, పచ్చదనపు సూచీ. పదహారు రోజుల చూపుల్లో మబ్బు తక్కువగా ఉన్నవి ఏరి నాలో పెట్టారు. నా పేరులోని 193 అంటే ఏడాదిలో 193వ రోజు. అంటే 2002 జూలై 12న మొదలై 27న ముగిసిన కాలం నాది.

నా చోటు పెద్దది. 10 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 20 డిగ్రీల దాకా, అరేబియా సముద్రం నుంచి బంగాళాఖాతం దాకా పరుచుకుని ఉంటాను. ఆ మధ్యలో రాయలసీమలోని పత్తికొండ ఉంది. పైనుంచి సుమారు 2,210వ వరుసలో, ఎడమనుంచి సుమారు 2,270వ గడిలో వెతకండి, దొరుకుతుంది. నా ఒక్కో గడి దాదాపు 13 ఎకరాల నేల. ఈ సీమలో నేలకు నంబరు వేయడం కొత్త కాదు. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల కలెక్టరుగా ఉండి, 1827 జూలై 6న పత్తికొండలోనే కన్నుమూసిన థామస్ మన్రో చేను చేనుకూ కొలత వేయించాడు. ఆ లెక్కల్లో నంబరు ఒక్కటే ఉంటే ఎవరికీ పనికిరాదు. పక్కన విస్తీర్ణం, నేల రకం, సాగుదారు ఉన్నప్పుడే అది చేను అవుతుంది. నా సంగతీ అంతే.

అందుకే నన్ను తయారుచేసినవాళ్లు నా వివరాన్ని నాలోనే రాసిపెట్టారు. మెటాడేటా అంటారు దాన్ని. స్ట్రక్ట్‌మెటాడేటా.0 నా ఆకారం చెబుతుంది. కోర్‌మెటాడేటా.0 నా పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది. రెండూ ఓడీఎల్ అనే పద్ధతిలో రాసిన మామూలు వాక్యాలే. గ్రూప్ అని తెరుచుకుంటుంది, లోపల మరో గ్రూప్ లేదా ఆబ్జెక్ట్ (వస్తువు), దానిలో పేరూ విలువా, తర్వాత ఎండ్_గ్రూప్ అని మూసుకుంటుంది. పెట్టెలో పెట్టె పెట్టినట్టు.

ఆ పెట్టెల్ని ఒద్దికగా విప్పిన అమ్మాయి గురించి చెప్పాలి. పత్తికొండలో బుడ్డలు (వేరుశనగ) పండించే రైతు కూతురు. పైథాన్ నేర్చుకుని, పైహెచ్‌డీఎఫ్ లైబ్రరీతో నన్ను తెరిచింది. ముందు అంకెల జోలికి పోలేదు. నా వివరాన్ని బయటికి తీసింది. అది ఒకే పొడవాటి తీగలా వచ్చింది, చివర ఖాళీ అంతా సున్నా అక్షరాలు. వాటిని కత్తిరించి, వరుస వరుసగా విడదీసి, ఒక్కో వరుసను మొదటి సమాన గుర్తు దగ్గర మాత్రమే రెండు చేసింది. గ్రూప్ గానీ ఆబ్జెక్ట్ గానీ కనిపించినప్పుడల్లా, పేరూ విలువా జతగా దాచే కొత్త నిఘంటువు తెరిచి పాతదాన్ని కింద దాచింది. దాని ముగింపు రాగానే దాచినదాన్ని పైకి తెచ్చుకుంది. కొటేషన్లలో ఉన్నది మాట, కుండలీకరణాల్లో ఉన్నది విలువల జాబితా, మిగిలింది సంఖ్య లేదా సంకేత పదం.

కోర్‌మెటాడేటా ఇంత తేలిగ్గా లొంగదు. అక్కడ పొడవాటి జాబితా ఒక వరుసలో మొదలై తర్వాతి వరుసలోకి జారుతుంది. ఒకే పేరున్న వస్తువులు చాలా ఉంటాయి, క్లాస్ నంబరే వాటిని వేరుచేస్తుంది. ఆ నంబరు వదిలేస్తే ఒకదాని మీద ఒకటి పడి చివరిదే మిగులుతుంది. తేదీలూ రెండు. నేల మీద నేను చూసిన తేదీ ఒకటి, నన్ను తయారుచేసిన తేదీ మరొకటి. సూత్రాలు మెరుగుపడినప్పుడల్లా నన్ను మళ్లీ వండుతారు కాబట్టి రెండో తేదీ ఎన్నో ఏళ్ల తర్వాతిది కావచ్చు. దాన్ని పట్టుకుంటే 2002 కరువు మరో ఏడాది ఖాతాలో పడుతుంది.

నా ఆకారం చెప్పే రాతలో గ్రిడ్‌ఆరిజిన్ అని ఒక వరుసుంది. లెక్క పై ఎడమ మూల నుంచి మొదలవుతుందని దాని అర్థం. ఎర్రగుడి బండల మీది అశోకుడి శాసనం చూసినవారికి ఈ వరుస విలువ చెప్పనక్కర్లేదు. పత్తికొండ ప్రాంతంలోనే ఉన్న ఆ లఘుశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మధ్యలో కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. నడక తెలియకపోతే అక్షరాలన్నీ వచ్చినా మాట రాదు. నన్ను కింది నుంచి లెక్కపెట్టినా అంతే. పత్తికొండ గడి అడిగితే కళ్యాణదుర్గం వైపు గడి వస్తుంది. అంకె సరైనదే, నేలే వేరు.

తర్వాత స్కేల్_ఫ్యాక్టర్. గడిలో 2,100 అని ఉంటే అసలు సూచీ 0.21. నాలో ఆ గుణకం 10,000 అని రాసి ఉంది. విలువను దానితో భాగించాలి. నా తోడబుట్టిన ఉష్ణోగ్రత ఫైళ్లలో అదే పేరుతో 0.02 ఉంటుంది, అక్కడ గుణించాలి. గుణించడమే అలవాటైన ప్రోగ్రాం నా 2,100ను 2,10,00,000 చేసి చూపిస్తుంది. సూచీ 1 దాటదని తెలిసినవారు అక్కడ ఆగుతారు. ఆ అమ్మాయి ఆగింది. ఇక సముద్రపు గడుల్లో −3000 ఉంటుంది. అది పచ్చదనం కాదు, ఇక్కడ విలువ లేదని గుర్తు. దాన్ని తీసేయకుండా సగటు కడితే రెండు సముద్రాల ఖాళీ కూడా చేల ఎండుదనంగా లెక్కకొస్తుంది.

అన్నీ సరిచూసుకుని ఆ అమ్మాయి తమ ఊరి గడులు తెర మీద పెట్టింది. వాళ్ల నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏందిమ్మా ఇది, అంతా మట్టిరంగే ఉండాదే?"

"రెండువేల రెండు జూలై నాయనా. మన ఊరు ఇదో, ఇక్కడ."

"ఆ యేడా! ఇత్తనమేసేదానికే వాన పళ్లేదు గదమ్మా. నిజమే చెప్తాండాది ఇది."

ఆ జూలైలో దేశం మొత్తం మీద వాన దాదాపు సగానికి పడిపోయింది. ఆయనకు అది ఒంటికి తెలుసు, నాకు అంకెల్లో తెలుసు. ఆ రెండూ కలిసింది ఆయన కూతురు నా వివరం చదివింది కాబట్టే.

ఇది ఒక ఇంటి ముచ్చట మాత్రమే కాదు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 1980ల చివరినుంచి ఉపగ్రహ పచ్చదనపు సూచీతో కరువును గమనించింది. కేంద్రం 2016లో తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్ కూడా ఈ సూచీని కొలబద్దల్లో ఒకటిగా పెట్టింది. ఒక మండలం ఎండిందా లేదా అని తేల్చే లెక్కలో నాలాంటి ఫైళ్ల మాట చెల్లుతుంది. అక్కడ వరుస తారుమారైతే, గుణకం తిరగబడితే, ఖాళీని కొలతగా తీసుకుంటే, నష్టం ప్రోగ్రాం రాసినవారికి కాదు, విత్తనం చల్లినవారికి.

కాబట్టి నన్ను తెరిచేవారికి నా మనవి: ముందు నా వివరం పూర్తిగా చదవండి. దాన్ని చదివే కోడును అంకెల మీద నడిపే ముందు తెలిసిన ఒక్క చేనుతో సరిచూడండి. రేపు మీరే వాన లెక్కో, బోరు నీటిమట్టమో, నేల పరీక్షో నమోదు చేస్తుంటే కొలమానం, మొదలు, చోటు, తేదీ, లోటు గుర్తు ఆ ఫైలులోనే రాసిపెట్టండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ లెక్క తెరిచే బిడ్డకు అడగడానికి మీరు పక్కన ఉండకపోవచ్చు. అప్పుడు మీ తరఫున మాట్లాడాల్సింది ఆ ఫైలే.